ఊరు విడిచి పోని ప్రేమలు
అమెరికా దక్షిణాది చిన్న ఊళ్ళ నవలల్లో స్వలింగ ప్రేమికుల బతుకులు

(మా గ్రామీణ విలేఖరి)

పచ్చి టమాటాలను చక్రాల్లా కోసి, ఉప్పూ మిరియాల పొడీ చల్లి, మొక్కజొన్న పిండిలో పొర్లించి నూనెలో వేయిస్తారు. అమెరికా దేశపు దక్షిణాదిలో ఇది పేదా గొప్పా తేడా లేకుండా అందరూ తినే వేపుడు. ఆ వేపుడు పేరే పెట్టుకుని 1987లో అక్కడ ఒక నవల అచ్చయింది. దాని పేరు ‘ఫ్రైడ్ గ్రీన్ టొమేటోస్ ఎట్ ది విజిల్ స్టాప్ కెఫే’. రాసినామె ఫానీ ఫ్లాగ్. అలబామా రాష్ట్రంలో రైలు పట్టాల పక్కనున్న చిన్న ఊళ్ళో హోటలు పెట్టుకుని, కలిసి బతికిన ఇద్దరు ఆడవాళ్ళ కథ అది. వాళ్ళు అక్కచెల్లెళ్ళు కారు, వదినా మరదళ్ళు కారు. ఒకరినొకరు ప్రేమించుకున్నవాళ్ళు.

ఈ సంగతి మన జిల్లా పేజీలో ఎందుకని పాఠకులు అడగవచ్చు. కారణం వుంది.

నాతో ఇంటర్మీడియట్ చదివిన మిత్రుడొకడు పదిహేనేళ్ళుగా హైదరాబాదులో వుంటున్నాడు. ఏటా సంక్రాంతికి వచ్చి రెండు రాత్రులుండి పోతాడు. తాను ఆడవాళ్ళను కాక మగవాళ్ళనే ప్రేమించే మనిషినని నాకు చెప్పటానికి వాడికి పదేళ్ళు పట్టింది. మొన్న సంక్రాంతికి ఈ నవల నా చేతిలో పెట్టి ఒక మాట అడిగాడు. “ఒరే, పొగాకు వేలం రాస్తావు. బోర్లు ఎండితే రాస్తావు. గేదె రెండు తలల దూడను ఈనితే ఫోటో కూడా వేయిస్తావు. మా బోటి వాళ్ళ గురించి ఇన్నేళ్ళలో ఒక్క లైను రాశావుట్రా?”

నా దగ్గర జవాబు లేకపోయింది. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు నెలలపాటు ఆ నవల చదివాను. వాడు చెప్పిన మరికొన్ని కూడా చదివాను. పేరు వేయకుండా రాస్తే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు గనుక, చదివిన సంగతులు పాఠకుల ముందుంచుతున్నాను.

ఎర్రమట్టి, పత్తి, పొగాకు

అమెరికా దక్షిణాది అంటే జార్జియా, అలబామా, మిసిసిపీ, ఉత్తర కరోలినా వంటి రాష్ట్రాలు. జార్జియాది ఎర్రమట్టి నేల, వేరుశనగకు పేరు. మిసిసిపీ పత్తికి, ఉత్తర కరోలినా పొగాకుకు పేరుబడ్డాయి. మన వైపు 1920లలో సాగు మొదలైన వర్జీనియా పొగాకు పేరులోనే ఆ ప్రాంతపు రాష్ట్రం ఒకటి వుంది. బెండకాయ, అలసందలు, మొక్కజొన్న సంకటి వాళ్ళకూ ఇంటి తిండే. నేడు జార్జియా రాజధాని అట్లాంటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేలల్లో వున్నాయి.

ఆ నేలకు చేదు చరిత్ర కూడా వుంది. నల్లవారిని బానిసలుగా పెట్టుకుని పత్తి పండించిన నేల అది. 1865లో బానిసత్వం పోయినా 1960ల దాకా నల్లవారికి వేరు బడి, వేరు కుళాయి, వేరు బెంచీ. రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మన పల్లెలకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఆదివారం చర్చికి పోకపోతే సోమవారం పది మంది అడుగుతారు. ఎవరి కొడుకు ఎవరితో తిరిగాడో పొద్దుగూకేలోపల ఊరంతటికీ తెలుస్తుంది.

అలాంటి చోట మగవాణ్ణి ప్రేమించిన మగవాడు, ఆడదాన్ని ప్రేమించిన ఆడది ఏం చేయాలి? పట్నం పారిపోవాలా? ఇంట్లో వాళ్ళు చెప్పిన పెళ్ళి చేసుకుని జీవితాంతం కుమిలిపోవాలా? పుట్టిన ఊళ్ళోనే తల ఎత్తుకు తిరిగే దారి ఏదైనా వుందా? ఎనభై ఏళ్ళకు పైగా అక్కడి రచయితలు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నారు.

పేరు పెట్టని ప్రేమలు

మొదట్లో ఈ మాట బయటకు అనటానికే భయం. జార్జియాలో పుట్టిన కార్సన్ మెకల్లర్స్ తన 23వ ఏట, 1940లో, ‘ది హార్ట్ ఈజ్ ఎ లోన్లీ హంటర్’ అనే నవల ప్రచురించింది. బట్టల మిల్లులున్న ఊళ్ళో ఇద్దరు మూగవాళ్ళు పదేళ్ళు ఒకే ఇంట్లో కలిసి వుంటారు. ఒకడు సింగర్, రెండోవాడు ఆంటొనపోలస్. రెండోవాణ్ణి అతని బంధువు పిచ్చాసుపత్రికి పంపించేస్తాడు. ఊళ్ళో వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి సింగర్ దగ్గర తమ కష్టాలన్నీ వెళ్ళబోసుకుంటారు. అతని కష్టమేమిటని అడిగినవాడు లేడు. మిత్రుడు చనిపోయాడని తెలిశాక సింగర్ ప్రాణం తీసుకుంటాడు. వాళ్ళిద్దరి మధ్య వున్నదానికి రచయిత్రి ఏ పేరూ పెట్టలేదు. చదివినవారికి మాత్రం ఆ లోటు ఎంతటిదో అర్థమవుతుంది.

1955లో టెనెసీ విలియమ్స్ రాసిన ‘కేట్ ఆన్ ఎ హాట్ టిన్ రూఫ్’ నాటకం మన ఆసాములకు బాగా అర్థమయ్యే కథ. మిసిసిపీలో 28 వేల ఎకరాల భూస్వామి కేన్సరుతో చావుకు దగ్గరయ్యాడు. ఆస్తి ఎవరికన్నది తగాదా. చిన్న కొడుకు బ్రిక్, ప్రాణమిత్రుడు పోయిన నాటినుంచి తాగుడులో మునిగిపోయాడు. ఆ స్నేహం ఎలాంటిదన్న ప్రశ్న వస్తే మండిపడతాడు. చిత్రమేమంటే, మోటు మనిషి అయిన తండ్రే కొడుకు కంటే పెద్ద మనసు చూపిస్తాడు. ఎందుకంటే ఆ భూమి పూర్వం కలిసి బతికిన ఇద్దరు మగవాళ్ళది. వాళ్ళ దగ్గర పని చేసి పైకొచ్చినవాడు ఆయన. నాటకానికి ఆ ఏడే పులిట్జర్ బహుమతి వచ్చింది. 1958లో సినిమా తీసినప్పుడు మాత్రం అసలు సంగతిని చాలావరకు కత్తిరించి పారేశారు.

ప్యాంట్లు కుట్టిన సీలీ

1982లో ఆలిస్ వాకర్ ‘ది కలర్ పర్పుల్’ వచ్చింది. ఈమె జార్జియాలో కౌలు రైతుల ఇంట పుట్టిన నల్ల జాతి మహిళ. 1983లో ఈ నవలకు పులిట్జర్ బహుమతి వచ్చింది. నవలకు ఆ బహుమతి అందుకున్న తొలి నల్ల మహిళ ఆమే.

కథానాయిక సీలీ చిన్ననాడే ఇంట్లో నరకం చూసింది. పిల్లలున్న వాడికి కట్టబెట్టారు. అతను కొడతాడు. చెప్పుకోవటానికి ఎవరూ లేక దేవుడికి ఉత్తరాలు రాసుకుంటుంది. ఒకనాడు భర్త తన పాత ప్రియురాలు షుగ్ అనే పాటగత్తెను జబ్బుగా వుంటే ఇంటికి తెస్తాడు. సీలీ ఆమెకు సేవ చేస్తుంది. ఆ సేవలోంచి ఇద్దరి మధ్య ప్రేమ పుడుతుంది. ‘నువ్వూ మనిషివే’ అన్నట్టు సీలీని చూసిన తొలి మనిషి షుగ్. ఆమె వెంట ఊరు విడిచి వెళ్ళిన సీలీ ప్యాంట్లు కుట్టి అమ్మడం మొదలుపెట్టి తన కాళ్ళ మీద నిలబడుతుంది.

ఇక్కడ గమనించదగ్గ విశేషం ఒకటుంది. సీలీ మళ్ళీ ఊరికి తిరిగొస్తుంది. సొంత ఇంట్లో వుంటుంది. ఒకప్పుడు కొట్టిన భర్తే మారిన మనిషై అరుగు మీద ఆమె పక్కన కూర్చుని కుట్టుపని చేస్తాడు. తాను పడ్డ బాధలన్నీ చూసిన నేల మీదనే ఆమె సుఖపడుతుంది. 1985లో స్పీల్‌బర్గ్ తీసిన సినిమాలో ఈ ప్రేమ ఒక ముద్దు దగ్గరే ఆగిపోయింది. అలా తగ్గించి చూపిన మాట నిజమేనని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. బడి గ్రంథాలయాల నుంచి తీసేయాలని అమెరికాలో మళ్ళీ మళ్ళీ గొడవ జరిగిన పుస్తకాల్లో ఇదొకటి.

పోస్టాఫీసు నుంచి ఊరి పత్రిక

ఇక విజిల్ స్టాప్ కథకు వద్దాం. ఇడ్జీ అనే పిల్ల మగరాయుడిలా తిరిగేది. ఒక వేసవిలో చర్చి పనులు చూడటానికి రూత్ అనే అమ్మాయి వచ్చి వాళ్ళ ఇంట్లో దిగింది. ఇడ్జీ ఆమె మీద మనసు పడింది. తేనెటీగలు ముసిరే చెట్టు తొర్రలో చేయి పెట్టి ఆమె కోసం తేనె తీసి ఇచ్చింది. ఇంట్లో పిల్లలు నవ్వబోతే, ఎవరూ దాన్ని ఎగతాళి చేయడానికి వీల్లేదని తల్లి గట్టిగా చెప్పింది.

రూత్ జార్జియాకు తిరిగిపోయి, అంతకు ముందే కుదిరిన పెళ్ళి చేసుకుంది. మొగుడు దుర్మార్గుడు. కొన్నేళ్ళు దెబ్బలు తిని, చివరకు బైబిల్లోంచి ఒక కాగితం చింపి ఇడ్జీకి పంపింది. అది రూతు గ్రంథములోని కాగితం. అత్త నయోమిని విడిచిపోనని కోడలు రూతు పట్టుబట్టిన ఘట్టం మన పల్లె చర్చిలలో పిల్లలకు కూడా తెలుసు. ఇడ్జీకి అర్థమైంది. అన్నదమ్ములను వెంటబెట్టుకుని వెళ్ళి, కడుపుతో వున్న రూత్‌ను తీసుకొచ్చింది. నీకిక బాధ్యత వచ్చిందంటూ తండ్రి 500 డాలర్లు చేతిలో పెట్టాడు. ఆ డబ్బుతో 1929లో హోటలు తెరిచారు. పుట్టిన కొడుకును ఇద్దరూ కలిసి పెంచారు. కరువు రోజుల్లో రైళ్ళ మీద తిరిగే దేశదిమ్మరులకు ఊరికే అన్నం పెట్టారు. నల్లవారికి అమ్మితే ఊరుకోమని బెదిరింపులు వచ్చినా దొడ్డి తలుపు దగ్గర అమ్ముతూనే వచ్చారు.

రచయిత్రి ఇదంతా గాలిలోంచి అల్లలేదు. ఆమెకు మామ్మ వరసయ్యే బెస్ ఫార్టెన్‌బెరీ, బర్మింగ్‌హామ్ పట్టణం పక్కనున్న ఐరన్‌డేల్‌లో రైల్వే వాళ్ళకు భోజనం పెట్టే హోటలు నడిపింది. నవలలోని హోటలుకు అదే మూలం. 1991లో వచ్చిన సినిమా బాగా ఆడింది కానీ, అందులోనూ ప్రేమను స్నేహంగా కుదించారు.

ఈ నవలలో నన్ను పట్టుకున్న పాత్ర ఇడ్జీ కాదు, రూత్ కాదు. డాట్ వీమ్స్ అనే పోస్టాఫీసు ఆమె. వారం వారం ఊరి వార్తలు రాసి చిన్న పత్రిక వేస్తుంది. ఒక రకంగా మా బోటి విలేఖరే. హోటలు తెరిచిన వార్త, చర్చి విందు వార్త, ఎవరి కుక్కో తప్పిపోయిన వార్త, అన్నీ ఒకే వరసలో రాస్తుంది. ఇడ్జీ, రూత్‌ల సంగతులు కూడా మిగతా ఇళ్ళ సంగతుల్లాగే వస్తాయి. వింతగా చెప్పదు, దాచిపెట్టదు. నా మిత్రుడు ఈ పుస్తకమే ఎందుకు ఎంచి ఇచ్చాడో అక్కడ అర్థమైంది.

పక్షి కావాలనుకున్న కుర్రాడు

అన్ని ఊళ్ళూ విజిల్ స్టాప్ కావు. ఉత్తర కరోలినాలో చింకాపిన్ అనే పల్లెలో పెరిగిన రాండల్ కీనన్ 1989లో ‘ఎ విజిటేషన్ ఆఫ్ స్పిరిట్స్’ రాశాడు. టిమ్స్ క్రీక్ అనే పల్లెలో హొరేస్ అనే పదహారేళ్ళ నల్ల కుర్రాడు. చదువులో ముందు. తాత చర్చి పెద్ద. వంశం పేరు నిలబెడతాడని ఇంటిల్లిపాదీ వాడి మీదే ఆశలు పెట్టుకున్నారు. తన మనసు మగపిల్లల వైపే పోతున్నదని వాడికి తెలిసింది. చర్చిలో విన్నదంతా అది పాపమనే. ప్రార్థన చేసినా పోలేదు. చివరికి మంత్రం వేసి డేగగా మారి ఎగిరిపోదామనుకుంటాడు. మంత్రం పారదు. పిచ్చెత్తినట్టు ఆ రాత్రంతా తుపాకీ పట్టుకుని ఊరంతా తిరిగి, తెల్లవారేసరికి తనను తానే కాల్చుకుంటాడు.

ఆ పిల్లవాణ్ణి ఎవరూ కొట్టలేదు, వెలివేయలేదు. అంతా ప్రేమించినవాళ్ళే. కాని ఆ ప్రేమలో వాడు చెప్పుకోవలసిన ఒక్క మాటకు చోటు లేకపోయింది. నవల చివర్లో రచయిత పొగాకు కోతల గురించి రాస్తాడు. చేత్తో ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్లలో వేలాడదీసిన రోజుల్లో ఇరుగు పొరుగు ఒకరి చేలో ఒకరు పని చేసేవారు. యంత్రాలొచ్చి ఆ కలయిక పోయింది. ఊరు మీద ఇంత మమకారం వున్న రచయితే, ఆ ఊరు ఒక బిడ్డను ఎలా పోగొట్టుకున్నదో చెప్పాడు. కీనన్ 2020లో మరణించాడు.

తెలిసీ తెలియనట్టు

ఇలాంటివాళ్ళంతా పట్నాలకు పోయారనుకోవటం కూడా పొరపాటే. జాన్ హోవర్డ్ అనే చరిత్రకారుడు 1945 నుంచి 1985 వరకు మిసిసిపీ పల్లెల్లో మగవాళ్ళను ప్రేమించిన మగవాళ్ళ చరిత్ర సేకరించి, 1999లో ‘మెన్ లైక్ దట్’ అనే గ్రంథం వెలువరించాడు. వాళ్ళు పల్లెల్లోనే వున్నారు, చర్చిలో పాటలు పాడారు, బడిలో పాఠాలు చెప్పారు. ఊరికి తెలుసు, కాని తెలియనట్టే వుండేది. ఎవరూ నోరెత్తనంత కాలం బండి నడిచేది. నోరెత్తితే కూలిపోయేది. మన ఊళ్ళ పద్ధతీ ఇంచుమించు ఇదే కాదా?

సుఖాంతాల కాలం

గత పదిహేను, ఇరవై ఏళ్ళలో అక్కడ కొత్త రకం నవలలు ఎక్కువయ్యాయి. ఇవి అచ్చంగా ప్రేమ నవలలు. మన వారపత్రికల సీరియళ్ళ లాగే వీటికీ ఒక కట్టుబాటు వుంది. చివరకు జంట కలవాలి, పాఠకుడు తృప్తిగా పుస్తకం మూయాలి. తరచు కనిపించే కథ ఇలా వుంటుంది. పదేళ్ళ కిందట ఊరు విడిచిపోయిన కొడుకు తండ్రి జబ్బు పడ్డాడనో, అవ్వ ఇల్లు రాసిచ్చిందనో తిరిగొస్తాడు. ఊళ్ళో మెకానిక్ షెడ్డు నడిపేవాడో, పశువుల డాక్టరో తారసపడతాడు. మొదట మాట పట్టింపులు. ఆనక ప్రేమ. నోటికొచ్చినట్టు మాట్లాడే పక్కింటి ముసలమ్మే చివరకు వాళ్ళ పక్షాన నిలబడుతుంది.

లూసియానాలో పెరిగిన కేసీ మెక్‌క్విస్టన్ 2022లో రాసిన ‘ఐ కిస్డ్ షారా వీలర్’ ఈ కోవలో పేరొందినది. అలబామాలో ఫాల్స్ బీచ్ అనే కల్పిత పట్టణంలోని క్రైస్తవ బడి విద్యార్థుల కథ. కాలిఫోర్నియా నుంచి వచ్చిన క్లోయీ అనే అమ్మాయి, ఈ ఊరు ఎందుకూ పనికిరాదని చిన్నచూపు చూస్తుంది. ప్రిన్సిపాలు కూతురు కనపడకుండా పోతే వెతుకుతూ వెతుకుతూ, తనలాంటివాళ్ళు ఆ ఊళ్ళోనే ఎంతమంది నోరు మూసుకుని వున్నారో తెలుసుకుంటుంది.

ఈ నవలలు ఊళ్ళను మరీ తీపిగా చూపిస్తాయన్న విమర్శ వుంది. అందులో నిజం లేకపోలేదు. చదివినవన్నీ గొప్ప పుస్తకాలని నేను చెప్పను. కాని మా మిత్రుడి మాట వేరు. “చావకుండా మిగిలే కథ ఒక్కటి చదవటానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టిందిరా” అన్నాడు. విమర్శకు అదే జవాబు అనిపించింది.

చట్టం మారింది

‘ది కలర్ పర్పుల్’ వచ్చిన 1982లోనే అదే జార్జియాలో, అట్లాంటాలో, ఒక మగవాడు సొంత పడకగదిలో మరో మగవాడితో వున్నందుకు అరెస్టయ్యాడు. 1986లో అమెరికా సుప్రీం కోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపుగా ఆ చట్టాన్ని సమర్థించింది. 2003లో అదే కోర్టు తన తీర్పును తానే రద్దు చేసింది. 2015 జూన్ 26న దేశమంతటా ఇలాంటి జంటల పెళ్ళికి చట్టబద్ధత ఇచ్చింది.

మన దేశంలో తెల్లవాళ్ళు 1860లో పెట్టిన 377వ సెక్షన్, ఇష్టపడిన పెద్దవాళ్ళకు వర్తించదని 2018 సెప్టెంబర్ 6న మన సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కనుక ఇది నేరం కాదు. పెళ్ళి హక్కు మాత్రం 2023 అక్టోబర్ 17 నాటి తీర్పులో కోర్టు ఇవ్వలేదు.

కోర్టులు తీర్పు చెబితే పోలీసుకు భయపడనక్కరలేదు. రచ్చబండకు భయం పోవాలంటే తీర్పు ఒక్కటే చాలదు. మన పల్లెల్లో ఇలాంటివాళ్ళకు వున్న పేర్లన్నీ తిట్లే. ఆ తిట్లు చిన్నప్పుడు నేనూ వాడాను. నా పక్క బెంచీలో కూర్చున్నవాడు విన్నాడని అప్పుడు నాకు తెలియదు.

మా మిత్రుడి తల్లి ఏటా భోగి నాడు వాడికి ఇష్టమైన అరిసెలు వండుతుంది. వాడు తిని పొగుడుతాడు. వీధిలోకి రాగానే “ఏం అబ్బాయ్, పప్పన్నం ఎప్పుడు?” అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. మూడో రోజు తెల్లవారుజామున మొదటి బస్సుకే వాడు ఎందుకు పోతాడో తల్లికి తెలియదు. తెలిసినా, తెలియనట్టు వుంటున్నదేమో.

వచ్చే సంక్రాంతికి ఆ ప్రశ్న కాస్త మార్చి, “బాగున్నావా, నాలుగు రోజులుండి పోరాదూ?” అని అడిగితే ఊరికి వచ్చే నష్టమేమీ లేదు. ఆ మార్పు ప్రతి ఊళ్ళోనూ రావలసిన అవసరం ఎంతైనా వుంది. ఇక వాడు నన్నడిగిన ఒక్క లైను సంగతి. అలబామా పోస్టాఫీసు ఆమె చేసిన పని ఈ పేజీలో ఇన్నేళ్ళకు మొదలుపెట్టాను.